చక్రాలున్న ఇన్వర్టర్

"మల్లికా, కారు మీద జర గుడ్డ ఎయ్యవే" అన్నడు మా ఆయన విజేందర్, సెకండ్‌హ్యాండ్ కారు కొన్న రోజు. జర అంటే ఎంతనో ఆయన చెప్పలే, నేను అడగలే. ఆ జర రెండేండ్లు నడిచింది. అంట్లు తోమి, బట్టలు ఆరేసి, మా అత్తమ్మ ఈదమ్మకు బీపీ గోలీ ఇచ్చి, నాలుగో అంతస్తు నుంచి సెల్లార్‌కు దిగుడు, కారు తుడుసుడు. కారు ఆయనది, దుమ్ము నాది. మహబూబ్‌నగర్‌ల దుమ్ముకు కరువేం లేదు. సోఫాలు దులపమని కొన్న వ్యాక్యూమ్ మిషిన్ తెచ్చి, సెల్లార్ గోడకున్న ప్లగ్గుల పెట్టి, సీట్ల సందుల ఆయన బుక్కిన పల్లీల పొట్టంత పీల్చేదాన్ని. సెల్లార్ అందరిది, ప్లగ్గు అందరిది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ కృష్ణకాంత్ సారు పక్క నుంచే పోయేటోడు. "శభాష్ అమ్మా, ఆడోళ్లంటే నీ లెక్కుండాలె" అనేటోడు.

తర్వాత ఆ సారు భార్య భాగ్యశ్రీ మేడం మా కారు చూసి, "మాది గూడ చేస్తవా మల్లికా? ఉత్తగ వద్దు, పైసలు తీస్కో" అన్నది. తీస్కున్న. ఇంకో ఇద్దరు పిలిచిండ్రు. వాళ్ల దగ్గర గూడ తీస్కున్న. వారం తిరగకముందే ప్లగ్గు మీద చెక్క డబ్బా, డబ్బాకు తాళం, తాళం పక్కన కాయితం: 'అందరి కరెంటు సొంత వ్యాపారానికి వాడరాదు.' కింద కృష్ణకాంత్ సారు సంతకం. రెండేండ్లు అదే ప్లగ్గు, అదే మిషిన్, అదే నేను. అప్పుడు కరెంటు కాల్లేదా? ఆడది ఉత్తగ చేస్తే సంసారం, పైసలడిగితే వ్యాపారం. గింతే కథ. చదువుకున్నోళ్లు దీని మీద లావు పుస్తకాలు రాస్తరు. నాకు గా తాళంకప్ప చూస్తేనే సమజైంది.

దసరా దగ్గరికొచ్చింది. దసరా పొద్దున బండ్లకు పూజ చేసి గుమ్మడికాయ కొడ్తరు. మురికి కారుకు ఎవ్వరు బొట్టు పెడ్తరు? పండుగ ముందు రోజు పొద్దుగూకేవరకు ఆరు కార్లు చేసిస్తనని మాటిచ్చిన. అండ్ల భాగ్యశ్రీ మేడం కారొకటి. మాట తప్పితే మల్ల నన్ను పిలిచేటోళ్లు ఉండరు. మా ఆయనకు గదే కావాలె. "నేను ముందుగాలనే చెప్పలేదా" అనే మాటను బెల్లంముక్క లెక్క నోట్ల పెట్టుకొని తిరుగుతుండు.

మా బాల్కనీ నుంచి సెల్లార్ దాకా నాలుగు ఎక్స్‌టెన్షన్ వైర్లు కలిపి ఇడిసిన. కిందికి పోయి చూస్తే మిషిన్ ఉలుకదు పలుకదు. పైకి తలకాయెత్తి చూద్దును గదా, మూడో అంతస్తు నాగరాణక్క నా వైరు మీద తడి లంగాలు వరుసగ ఆరేసింది, బరువుకు జోడు ఊడింది. "ఎవరో పుణ్యాత్ములు తాడు కట్టిండ్రనుకున్న మల్లికా!" అన్నది. "ఊడకుంటే పాణం పోతుండె అక్కా" అని వైరు గుంజుకున్న. తెల్లారి టెంట్‌హౌస్ నుంచి జనరేటర్ కిరాయికి తెచ్చిన. అది దగ్గుకుంట మొదలువెట్టి సెల్లార్ నిండ పొగ నింపింది. కృష్ణకాంత్ సారు అగ్గంటుకుందని బకెట్ నీళ్లతోని ఉరికొచ్చి, జనరేటర్ మీద పొయ్యాల్సినయి తన పంచె మీదనే పోసుకున్నడు. నేను తుడిచిన తెల్లకారు బూడిదరంగుకు తిరిగింది. ఇంట్ల మా ఆయన బెల్లంముక్క చప్పరిస్తనే ఉన్నడు.

పండుగ ముందు రోజు వచ్చింది. మధ్యాహ్నం. ఆరు కార్లు కింద నా కోసం ఎదురుచూస్తున్నయి, నేను పైన గారెల పప్పు రుబ్బుతున్న. సగం నలిగిందో లేదో మిక్సీ టక్కున ఆగింది. మా వంటింటి కిటికీకి పక్క బిల్డింగ్ గోడ అడ్డం, కరెంటు పోతే పట్టపగలే చీకటి. చెమట కండ్లల్లకు కారుతాంది. చేతికి పప్పు. హాల్‌లకు వచ్చి "కరెంటు పోయింది" అన్న. మా ఆయన ఫ్యాన్ కింద క్రికెట్ చూసుకుంట, తల తిప్పకుండ, "పోయిందా? ఎప్పుడు?" అన్నడు.

అప్పుడు యాదికొచ్చింది. తొమ్మిదేండ్ల కింద ఇన్వర్టర్ పెట్టేటందుకు వచ్చిన ఎలక్ట్రీషియన్ అడిగిండు, "ఏ రూములకు ఇయ్యాలె సార్?" అని. "హాల్ ఫ్యాను, టీవీ, పడకగది ఫ్యాను" అన్నడీయన. "వంటింటికో?" అని నేనంటే, "పది నిమిషాలు ఆగలేవానే? కరెంటు ఏడికి పోతది?" అన్నడు. తొమ్మిదేండ్లు ఆగిన. ఆగుడే గాదు, ఆ బ్యాటరీల నీళ్లు పోసేది నేను. దాని కింద ఊడ్వాలని రోజూ అటు గుంజి ఇటు నూకేది నేను. అగో, గక్కడ ఆగిన. గుంజుతున్న, నూకుతున్న. అంటే దానికి చక్రాలున్నయి! ఊరంత తిరిగి కరెంటు దేవులాడిన, కరెంటు నా చీపురు కిందనే ఉన్నది.

అరగంటకు కరెంటొచ్చి లిఫ్టు కదిలింది. హాల్ స్విచ్చిని లైను కరెంటు దిక్కు తిప్పి, ఇన్వర్టర్ గోడ ప్లగ్గులు రెండు పీకిన. మా ఆయన ఓవర్‌కూ ఓవర్‌కూ నడుమ ప్రకటనలు చూస్తుండు, నన్ను చూడలే. గడపకు పీట అడ్డమేసి బండిని మెల్లగ దింపి, లిఫ్టుల ఎక్కిచ్చి, సెల్లార్ చేరినం, నేనూ నా ఇన్వర్టరూ. మిషిన్ తగిలిచ్చిన. గుయ్యిమన్నది. నా చెవులకు అది సన్నాయి.

నాలుగో కారు మీదున్నప్పుడు మల్ల కరెంటు పోయింది. అపార్ట్‌మెంట్ మొత్తం చప్పుడు లేదు, నా మిషిన్ తప్ప. కృష్ణకాంత్ సారు టార్చితోని దిగిండు. ఉరికిపోయి తాళంకప్ప గుంజి చూసిండు. గట్టిగనే ఉన్నది. "అందరికీ లేని కరెంటు నీకెట్ల వచ్చిందమ్మా?" అని వంగి, వైరు పట్టుకొని, స్తంభాల చుట్టు తిరిగి తిరిగి, ఆఖరికి తన కారు ఎనుకకే వచ్చి నా ఇన్వర్టర్‌కు తల తాకిచ్చుకున్నడు.

"ఇది మా ఇంటిది సార్. అందరిది గాదు" అన్న.

గంతల్నే మా ఆయన మెట్ల మీదికెల్లి, పేపరుతోని ఇసురుకుంట దిగిండు. "నా ఇన్వర్టర్ ఏదే? ఆఖరి ఓవర్ల టీవీ ఆగింది! పైన అమ్మ ఉడికిపోతాంది!"

"నేను హాల్‌ల లేనురా" అని ఎనుకనుంచి అత్తమ్మ ఆయాసపడుకుంట దిగింది. చెయ్యికి పప్పు. "పండుగ పూట పప్పు పులుస్తదని వంటింట్లకు పోయిన. అమ్మో, అది వంటిల్లా, ఇటికెల బట్టీనా? ఏమే మల్లికా, ఇన్నేండ్లు ఎట్ల నిలబడ్డవే అండ్ల?" నేను తుడిచిన కారు తలుపు తీసి, మెత్తటి సీట్ల కూలబడ్డది.

"అది తర్వాత మాట్లాడుదాం. ఇన్వర్టర్ పైకి ఎప్పుడొస్తది?" అన్నడు మా ఆయన.

నేను మిషిన్ ఆపలే. ఇంకా రెండు కార్లున్నయి.

"పది నిమిషాలు ఆగలేవా?" అన్న.

దసరా పోయింది, సంకురాత్రి పోయింది. ఇన్వర్టర్ పగలు నాతోని సెల్లార్‌కు దిగుతది, పని అయినంక ఎక్కొచ్చి వంటింట్ల ఛార్జి ఎక్కుతది. మిక్సీ, వంటింటి ఫ్యాను ఇప్పుడు దాని మీదనే. హాల్‌కు మల్ల ఎప్పుడిస్తవని మా ఆయన అడుగుతనే ఉన్నడు. పది నిమిషాలు ఇంకా కాలే.