ఒకే నోటి మాట

"గంట పడుతుంది, పది నిమిషాలు అటూ ఇటూ," అన్నాను ఓవెన్‌లో గొర్రె తొడ పెడుతూ.

"చూశావా అమ్మా? మా బ్రాన్ ఏదీ ఖాయంగా చెప్పలేదు," అన్నాడు మా ఆయన గ్రేమ్, బీరు సీసా మూత తీస్తూ.

"మొదట్నించీ అంతేగా పాపం," అంది అత్తగారు వాల్మా.

ఇన్నేళ్లలో ఒక్క ఆదివారమూ వాళ్లకి పచ్చి మాంసం పెట్టలేదు నేను. ఆ మాట అనే ఓపిక లేక బంగాళాదుంపలు చెక్కుతూ నిలబడ్డాను. బుర్రలో ఆఫీసులోని ఒక అంకె గొడవే తిరుగుతోంది. అణు రియాక్టర్‌లో ఒక క్యాన్సర్ మందు తయారయ్యేటప్పుడు దాంతోపాటు అక్కర్లేని మలినం ఎంత పుడుతుందో చెప్పే అంకె అది. రోగి ఒంట్లోకి ఎంత పోతుందో ఆసుపత్రులు దాన్నిబట్టే లెక్కకడతాయి. మూడు పెద్ద ల్యాబుల అంకెలు అచ్చం ఒకేలా ఉన్నాయి. నాది ఎక్కువ. పైగా నా కొలతలో ఎంత తేడా ఉండొచ్చో, ఆ అనుమానాన్ని దాచకుండా రాశాను. మా పనిలో సగటు కట్టేటప్పుడు తక్కువ అనుమానం రాసినవాళ్లకే ఎక్కువ బరువు. నా అంకె ఉన్నా లేనట్టే.

"ఆ అనుమానం సగానికి తగ్గించెయ్. అందరూ చేసేదే," అన్నాడు మొన్న శుక్రవారం ఆఫీసులో మా పెద్ద నెవిల్. "లేదంటే నీ అంకె తీసేద్దాం. సోమవారం ఆసుపత్రులకి పట్టిక వెళ్లిపోవాలి. అన్నట్టు, ఆ రోజు మీటింగుకి కేకు నువ్వే తెస్తావుగా?"

భోజనాలయ్యాక గిన్నెలు తుడుస్తూ ఆడపడుచు జోయ్ అంది: "ఉద్యోగం మానేస్తున్నావటగా? నీకది సరిపడదని అందరూ అంటున్నారు."

"అందరూ అంటే?"

"గ్రేమ్. అమ్మ."

"అమ్మకెవరు చెప్పారు?"

"గ్రేమే."

"నీకు?"

జోయ్ నవ్వేసింది. "వాడే!"

చెయ్యి సబ్బునీళ్లలోనే ఆగిపోయింది.

సోమవారం పొద్దున్నే వెళ్లి ఆ మూడు ల్యాబుల పాత నివేదికలు తిరగేశాను. ముగ్గురూ తమ పరికరాలని ఒకేచోటు నుంచి తెచ్చుకున్న ఒకే నమూనాతో సరిచూసుకున్నారు. అది తప్పైతే ముగ్గురూ ఒకేలా తప్పుతారు. మూడు సాక్ష్యాలు కావవి, ఒకటే. ఒకటిగానే తీసుకుని లెక్క మళ్లీ కట్టాను. సగటు నా వైపు జరిగింది. మొత్తం మీద అనుమానమూ పెరిగింది.

నెవిల్ తలుపు దగ్గర నిలబడి నా కంప్యూటర్ తెరవైపు చూశాడు. "మూడు పెద్ద ల్యాబులు, బ్రాన్! వాళ్లది తప్పని ఖాయంగా చెప్పగలవా?"

"చెప్పలేను. వాళ్లూ చెప్పలేరు. ఆ మాటే ఆసుపత్రులకి తెలియాలి."

"ముందు నాకు చూపించు, పంపేముందు మాట్లాడుకుందాం. కేకు తెచ్చావా?"

"తేలేదు," అన్నాను. "పట్టిక మాత్రం ఇందాకే పంపేశాను."