ఛార్జరమ్మ

నాలుగో నంబరు బ్యాటరీని గాజు పలక మీద పడుకోబెట్టి, దాని మూలను చూపుడువేలితో ఒక్కసారి తట్టింది ఛార్జరమ్మ. అది కాస్త జరిగి ఊరుకుంది. మంచిది. ఐదో నంబరును పడుకోబెట్టి తట్టింది. అది బొంగరంలా గిర్రున ఒక చుట్టు తిరిగి, ఇంకో సగం చుట్టుకు కూడా సిద్ధపడింది.

"ఉబ్బావా తల్లీ?" అంది దాన్ని చూసి.

ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ పలకకు అతుక్కుని కూర్చుంటుంది. లోపల ఏదో చెడి పొట్ట ఉబ్బిందంటే, ఆ పొట్ట మీద అది తిరుగుతుంది. కంటితో చూస్తే తేడా తెలియదు, తడిమి చూసినా తెలియదు. ఇది ఆవిడకు ఎవరూ నేర్పలేదు. ఏళ్ల తరబడి రోజూ వాటి ముఖాలే చూస్తుంటే తెలిసొచ్చింది. ఐదో నంబరు కొసలకు టేపు అంటించి, ఇసుక పోసిన ఇనప డబ్బాలో పెట్టి మూత వేసింది.

డాక్టర్లకు చదువు చెప్పే పెద్ద ఆసుపత్రి అది. ఆపరేషన్లను క్యామ్‌కార్డరుతో రికార్డు చేసి విద్యార్థులకు చూపిస్తారు. ఆ కెమెరాల బ్యాటరీలు, ఛార్జర్లు, అడాప్టర్లు అన్నీ కింది అంతస్తులో చివరి గదిలో ఛార్జరమ్మ అధీనంలో ఉంటాయి. ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితాల్లో భద్రంగా ఉంది. పిలవడానికి మాత్రం ఎవరో విద్యార్థి వెక్కిరింతగా అన్న ఈ పేరే అందరికీ అలవాటయింది. ఆవిడకూ అలవాటయింది. ఫోనెత్తితే తనే "ఛార్జరమ్మని" అనేది.

అసలు ఆవిడ ఆ ఆసుపత్రిలో చేరింది కట్టుగుడ్డలు మడతపెట్టడానికి. కెమెరాలు వచ్చినప్పుడు వాటి పెట్టెల్లో పన్నెండు పేజీల జాగ్రత్తల పుస్తకం ఒకటి ఉండేది. అందరూ కెమెరాలు తీసుకుని పుస్తకాన్ని చెత్తబుట్టలో వేశారు. ఛార్జరమ్మ దాన్ని తీసి, దులిపి, మూడుసార్లు చదివింది. ఆ ఆసుపత్రిలో దాన్ని ఆసాంతం చదివిన మనిషి ఆవిడొక్కతే. ఆ మాటకొస్తే, రాసినవాడైనా రెండోసారి చదివాడో లేదో అనుమానమే. మర్నాటి నుంచి ఎవరైనా ఛార్జరు మీద గుడ్డ కప్పినా, తీగ పట్టుకుని ప్లగ్గు లాగినా ఊరుకునేది కాదు. ఈ గోల పడలేక పెద్దవాళ్లు ఆ పనే ఆవిడకు అప్పగించారు. అలా మొదలై ఇరవయ్యేడేళ్లు అయింది.

రాతి బల్ల మీద ఐదు ఛార్జర్లు ఉంటాయి, ఒకదానికొకటి జానెడు దూరంలో. వాటి కింద గుడ్డ ఉండదు, పైన కాగితం ఉండదు. షూటింగు నుంచి వేడిగా తిరిగొచ్చిన బ్యాటరీని వెంటనే ఛార్జింగుకు పెట్టదు. చల్లారనిస్తుంది. చల్లారిందో లేదో మునివేళ్లతో చూడదు, చేతి వెనకవైపు ఆనించి చూస్తుంది. మడతలు పెట్టీ పెట్టీ మునివేళ్లు కాయలు కాశాయని, వాటి మాట నమ్మనని అనేది. గుమ్మం దగ్గర మేకుకు ఒక తువ్వాలు వేలాడుతుంది. డాక్టర్లన్నవాళ్లు రోజుకు నలభైసార్లు చేతులు కడుక్కుంటారు, తుడుచుకోవడం మాత్రం వాళ్ల చదువులో ఉన్నట్టు లేదు. ఎంతటి డాక్టరైనా సరే, ఆ తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటేనే ఆవిడ బ్యాటరీ చేతికిచ్చేది.

ఇంట్లోనూ ఇదే వరస. కూతురి పెళ్లయ్యాక మొదటిసారి వియ్యాలవారింటికి వెళ్లి, ఇచ్చిన మంచినీళ్లయినా తాగకుండా, తలగడ కింద ఛార్జింగు పెట్టిన ఫోను బయటికి లాగింది. వియ్యపురాలు ముఖం మాడ్చుకుని, ఏడాది పాటు ఆ సంగతి చుట్టాలందరికీ చెప్పుకుంది. అయితే ఆ తలగడ కింద మళ్లీ ఫోను పెట్టలేదు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆవిడ భర్త మాత్రం ఎవరు దొరికినా ఒకటే చెబుతాడు: "పెళ్లిలో నా చెయ్యి పట్టుకునే ముందు కూడా వెనకవైపు ఆనించి చూసిందండీ. చల్లగానే ఉన్నానని తేలాకే పట్టుకుంది."

ఇరవయ్యేడేళ్లలో ఆ గది నుంచి వెళ్లిన ఒక్క బ్యాటరీ కూడా అంటుకోలేదు, ఒక్కరికీ షాకు కొట్టలేదు. ఇవాళ్టితో ఆవిడ సర్వీసు పూర్తవుతుంది. సెక్షను పెద్దాయన సెలవులో ఉన్నాడు. ఆయనకు ఆ తేదీ గుర్తులేదు, ఆవిడ గుర్తు చెయ్యలేదు. ఎవరూ దండలు వేయనక్కర్లేదు, మాటలు చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క రోజూ ఎప్పట్లాగే గడిచిపోతే చాలని పొద్దున లేచినప్పటి నుంచి అనుకుంటోంది.

తొమ్మిదింటికి కెమెరామన్ వచ్చాడు. చేరి మూడు నెలలైంది. పని తెలిసినవాడే, కాకపోతే కాళ్లకింద నిప్పులున్నట్టు ఉంటాడు.

"మేడమ్, నాలుగు గంటల కేసు. పెద్ద డాక్టరుగారిది. మూడు రోజుల పాప, అన్నం గొట్టం పొట్టదాకా కలవకుండానే పుట్టిందట. ఇలాంటిది మళ్లీ ఎన్నేళ్లకొస్తుందో! ఒక్క నిమిషం కూడా పోకూడదన్నారు. మూడు బ్యాటరీలూ ఇచ్చెయ్యండి."

ఛార్జరమ్మ రెండు ముందుకు జరిపింది.

"మూడోది?"

"అది రాదు. ఉబ్బింది."

"నిన్న బాగానే పనిచేసిందిగా!"

"నిన్న చేసింది. ఇవాళ ఉబ్బింది."

అతను ఒంటికాలి మీద లేచాడు. మిగతా కెమెరాలూ వాటి బ్యాటరీలూ డాక్టర్ల సభకని వేరే ఊరు వెళ్లాయి. ఉన్న రెండూ కలిపి మూడు గంటలు కూడా రావు. మొదటిది అయిపోయాక చల్లార్చి, మళ్లీ నింపేసరికి ఆపరేషన్ ముగిసిపోతుంది. ఈ లెక్కంతా అతను గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఆవిడకు తెలియని లెక్క కాదు.

"ఒక్క గంట కోసం మేడమ్. ఏమవుతుంది?"

"ఏమీ కాకపోవచ్చు."

"మరి?"

"ఆ గదిలో ఆక్సిజన్ ఉంటుంది బాబూ, పసిపిల్ల ఉంటుంది. 'కాకపోవచ్చు' అనే మాట పట్టుకుని ఆ గదిలోకి నేను పంపను."

"అయితే రికార్డింగు మధ్యలో ఆగితే పెద్ద డాక్టరుగారికి మీరే చెప్పుకోండి!"

"చెప్తాను," అంది ఛార్జరమ్మ. ఆ ఆపరేషన్ చూసి నేర్చుకోబోయే పిల్లలు ఎందరో ఉంటారు. వాళ్ల చేతుల్లో రేపు బతకాల్సిన పాపలు ఇంకెందరో ఉంటారు. ఆఖరి రోజున తన పట్టుదల వల్ల ఆ రికార్డు సగంలో ఆగిపోతే, ఆ సంగతి తనతోపాటు ఇంటికొస్తుంది.

దారి ఒకటుంది. అడాప్టరు. దాన్ని గోడ కరెంటుకు తగిలిస్తే ఎన్ని గంటలైనా కెమెరా నడుస్తుంది. కానీ ఆపరేషన్ థియేటరులోకి అడాప్టరు రాకూడదని పదకొండేళ్ల కిందట పట్టుబట్టి ఆపించింది ఈవిడే. అప్పట్లో తడినేల మీద తీగ పాకుతూ ఉండటం గుమ్మం బయటి నుంచే కళ్లారా చూసింది. సూపరింటెండెంటు గది ముందు రెండు పూటలు నిలబడి, ఆ ఆర్డరు కాగితం మీద రాయించుకునే కదిలింది. తను వేయించిన తాళం తనే తీయాలిప్పుడు.

బీరువాలోంచి అడాప్టరు తీసి, ఈ కొస నుంచి ఆ కొస దాకా తీగను వేళ్ల మధ్య జార్చింది. ఎక్కడా పగులు లేదు, నలుగుడు లేదు. ప్లగ్గు కాళ్లు వదులుగా లేవు. చేతులు తుడుచుకుని పై అంతస్తుకు వెళ్లింది.

థియేటరు హెడ్ నర్సు ఆవిడ చేతిలోది చూసి నోరు వెళ్లబెట్టింది. "అక్కా, వద్దన్నదీ మీరే, తెచ్చిందీ మీరేనా?"

"అప్పుడు తీగ నేల మీద ఉంది, దాన్ని చూసే దిక్కులేదు. ఇవాళ నేలకు తగలదు. చూడటానికి నేనుంటాను."

"ఎంతసేపుంటారు?"

"పాప బయటికొచ్చేదాకా."

హెడ్ నర్సు ఒక్క క్షణం ఆలోచించి, ఆకుపచ్చ గౌనూ టోపీ మాస్కూ ఆవిడ చేతికిచ్చింది. సూపరింటెండెంటుకు ఫోను చేసి తనే ఒప్పించింది. ఇన్నేళ్లలో ఛార్జరమ్మ థియేటరు గుమ్మం దాటడం అదే మొదలు.

గ్యాసు గొట్టాలకు ఎదురుగోడకు, ఛాతీ ఎత్తున, ఒక ప్లగ్గు పాయింటు ఉంది. కెమెరా స్టాండును ఆ గోడవైపుకే జరిపించింది. ముందు కెమెరాకు తగిలించి, తర్వాత గోడకు తగిలించింది. తీగను స్టాండు కాలికి టేపుతో కట్టింది. ఇంత చేసినా ఒక చిక్కు మిగిలింది. నల్ల ఇటుకలాంటి అడాప్టరు రెండు తీగల మధ్య గాలిలో వేలాడుతోంది. దాని బరువు దాని తీగే మోస్తే లోపల ఎక్కడో తెగుతుంది, తెగినచోట నిప్పు పుడుతుంది.

అప్పుడే హెడ్ నర్సు ఒక చెక్క స్టూలు తెచ్చింది, పైన మడతపెట్టిన గుడ్డ వేసి. "నాలుగు గంటలు నిలబడతారా ఏంటి? కూర్చోండక్కా."

ఛార్జరమ్మ గుడ్డ తీసేసి, ఒట్టి చెక్క మీద అడాప్టరును పెట్టింది. తను పక్కన నిలబడింది.

ఆపరేషన్ మొదలైంది. పెద్ద డాక్టరు వీపు తప్ప ఆవిడకేమీ కనబడలేదు. కెమెరా తెర మీద దారంకన్నా కాస్త లావైనదేదో కదులుతోంది. అటు ఎక్కువగా చూడలేదు. ఆ పని ఆయనది. కొద్ది నిమిషాలకోసారి వంగి, చేతి వెనకవైపు అడాప్టరుకు ఆనిస్తోంది. పసిపిల్లకు పోసే నీళ్లలా గోరువెచ్చగా ఉంది. అంతవరకు పరవాలేదు. రెండో గంటకు మడమలు లాగాయి. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడింది.

మూడో గంటలో ఒక నర్సు ఉప్పునీళ్ల గిన్నెతో వెనక్కి తిరిగింది. మోచెయ్యి ఎవరికో తగిలి, గిన్నె వంగి, నీళ్లు నేల మీద భళ్లున పడ్డాయి. అవి పరుచుకుంటూ నేరుగా ఈ మూలకే వచ్చాయి, ఇల్లు తెలిసిన చుట్టంలా. ఛార్జరమ్మ అరవలేదు. ఒక చెయ్యి చాచి ఆ నర్సును అక్కడే ఆపింది. స్టూలు మీంచి తీసిన గుడ్డను నేల మీద పరిచి, కాలితో నీళ్లకు అడ్డంగా తోసింది. నీళ్లు గుడ్డను తడిపి, స్టూలు రెండు కాళ్లను తడిపి, అక్కడ ఆగాయి. పైన అడాప్టరు పొడిగా ఉంది. పెద్ద డాక్టరు వెనక్కి తిరగలేదు, కెమెరా మీది ఎర్రదీపం ఆరలేదు. చూసింది కెమెరామన్ ఒక్కడే. అతను మళ్లీ తెరవైపు తిరిగాడు.

ఒంటిగంట దాటాక పాప ఏడుపు లేకుండానే, ఎర్రటి పిడికిళ్లతో, ట్రాలీ మీద బయటికి వెళ్లింది. ఊపిరి బాగుంది, రంగు బాగుంది అన్నారు. పెద్ద డాక్టరు మాస్కు దించుకుని మూలకు చూశాడు.

"ఎవరావిడ? పొద్దున్నించీ అలా నిలబడే ఉన్నారు. స్టూలు ఉంది కదా, కూర్చోలేదేం?"

"మన ఛార్జరమ్మ సార్," అంది హెడ్ నర్సు. "ఆవిడ కూర్చోలేదు. అడాప్టరును కూర్చోబెట్టారు."

పెద్ద డాక్టరు దగ్గరికొచ్చి స్టూలునూ, తడి గుడ్డనూ, గోడ దాకా వెళ్లిన తీగనూ చూశాడు. జరిగిందంతా ఆయన కళ్లకు ఒక్క క్షణంలో అర్థమైంది.

"ఎన్నేళ్లుగా చేస్తున్నారమ్మా ఈ పని?"

"ఇరవయ్యేడు సార్."

"ఎప్పుడైనా ఏమైనా జరిగిందా?"

"ఏమీ జరగలేదు సార్."

ఈ మాట అంటున్నప్పుడు ఆవిడ వెన్ను తనంతట తనే నిటారుగా అయింది. జరిగినవాటికి పేపర్లో ఫోటోలుంటాయి, శిలాఫలకాలుంటాయి. జరగనివాటికి ఇలా నిలబడి చెప్పే మనిషి తప్ప ఇంకేమీ ఉండదు. ఛార్జరమ్మకు గర్వంగా ఉంది. మాస్కు ఉందనే ధైర్యంతో లోపల బాగా నవ్వుకుంది కూడా.

"ఎల్లుండి ఇంకో కేసుంది. మీరు రావాలి," అన్నాడాయన.

"ఇవాళే ఆఖరు సార్ నాకు."

ఆయన కడగని చేతులే జోడించి తల వంచాడు. కెమెరామన్ చేతులు కడుక్కుని వచ్చాడు. ప్లగ్గు తీయడానికి చెయ్యి చాపి, మధ్యలో ఆపాడు. వెనక్కి వెళ్లి, రెండు చేతులూ వేలు వేలూ తుడుచుకుని వచ్చి, తీగను కాకుండా ప్లగ్గునే పట్టుకుని తీశాడు. ఛార్జరమ్మ తన గది తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

"ఐదో నంబరు ఇసుక డబ్బాలో ఉంది బాబూ. జాలిపడి బయటికి తియ్యకు," అంది.

అయిదింటికి గేటు దగ్గర భర్త కనిపించాడు. కాళ్లు నొప్పులంటే నవ్వుతాడని చెప్పలేదు. ఇద్దరూ బస్సెక్కి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున థియేటరు కడగడానికి వచ్చినామె మూలనున్న స్టూలును బయట పెట్టబోయింది. హెడ్ నర్సు వద్దంది. నేలంతా కడిగారు. ప్లగ్గు పాయింటు కింద ఆ చెక్క స్టూలు, నాలుగు కాళ్లూ నీళ్లలో, పైన గుడ్డ లేకుండా, పొడిగా.