పిండి ఒక పాలు నీళ్ళు మూడు

మేస్త్రీకి కోపం ముక్కు మీద ఉంటుందని పనిలో వాళ్ళు అనేవారు. అది మర్యాదకి అనే మాట. కోపం అతని చేతుల్లో ఉండేది. ఆ చేతులు రోజంతా ఇటుకలు పేర్చి, సాయంత్రానికి ఎవడి చెంప దొరుకుతుందా అని చూసేవి.

ఆ ఆదివారం బావ చెంప దొరికింది. బావంటే అక్క మొగుడు. మేస్త్రీ భార్య కాన్పులో పోయిన దగ్గర్నుంచి అక్కాబావలు వచ్చి పిల్లని సాకుతున్నారు. బుజ్జిదానికి పద్నాలుగు నెలలు. ఎత్తుకుంటే పిల్లిపిల్ల బరువు. దాని సన్నటి మెడ చూసిన ప్రతివాళ్ళూ వైద్యులైపోయారు. ఎదురింటావిడ పాలు బాగా పట్టమంది. మేడ మీదాయన పళ్ళరసం ఒక్కటే చాలన్నాడు. బావకి ఫోనే గురువు. అందులో కోటు వేసుకున్న ఒకడు అమ్ముతున్న 'బరువు పొడి' తెప్పించి, ఎవరికీ చెప్పకుండా జావలో కలిపాడు. పిల్లకి రెండు రోజులు విరేచనాలు ఆగలేదు.

మేస్త్రీ బావని జుట్టు పట్టి లేపి, మొహాన్ని బల్ల అంచుకేసి కొట్టాడు. ఒక పన్ను కంచంలో పడింది. తర్వాత ఫోన్‌ని గడప మీద పెట్టి సుత్తితో పొడి చేశాడు.

"ఇదిగో నీ పొడి! తిను!"

బావ ఆ పూటే సంచి సర్దుకుని తన తమ్ముడింటికి పోయాడు. అక్క పిల్లని వదల్లేక ఉండిపోయింది. నేల మీద రక్తం తుడుస్తూ ఒక మాట అనబోయింది. "తమ్ముడూ, పిల్లకి పాలు పట్టినప్పుడల్లా పెదాలు ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లు వస్తున్నాయిరా. అందుకే మూడు నెలలుగా నేను..."

"నువ్వు నోరు ముయ్యి. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరి సలహా వినపడినా నాలుక చీరేస్తా. రేపు చదువుకున్నవాణ్ణి అడిగొస్తా."

ఆ ఇంట్లో పిల్ల గురించి అసలు సంగతి తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆమె నోరు అలా మూతపడింది.

పెద్దాసుపత్రి కింది అంతస్తులో ఆహారం గురించి చెప్పే ఆయన ఒకడున్నాడు. బక్కపలచని మనిషి. బల్ల నిండా కొలత చెంచాలు, గాజు సీసాల్లో గింజలు, పిల్లల్ని తూచే త్రాసు. అందరూ చెంచా మాస్టారంటారు. ఆయన బుజ్జిదాన్ని తూచి, పొడుగు కొలిచి, మేస్త్రీ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. దద్దుర్ల మాట కూడా మేస్త్రీయే చెప్పాడు, అక్క అన్నదని చెప్పకుండా.

"పాలు ఒక్క చుక్క తగలనివ్వకండి. బలానికి వేరే దారులున్నాయి," అన్నాడు మాస్టారు. ముందు జావతో మొదలెట్టి, వారం వారం ఏం కలుపుకుంటూ పోవాలో కాయితం మీద రాసిచ్చాడు. "తిండి గురించి ఎవరేం చెప్పినా మూడు అడగండి. వాడు మీకేమైనా అమ్ముతున్నాడా? పిల్లని చూశాడా? తప్పు జరిగితే మళ్ళీ మీకు దొరుకుతాడా? నేను రోజూ ఇక్కడే ఉంటాను. తప్పైతే వచ్చి అడగండి."

మేస్త్రీకి ఆయన తెగ నచ్చాడు. ఇంతకాలానికి కొలతలు తెలిసినవాడు దొరికాడనుకున్నాడు.

"పిల్లకి తినిపించేది ఎవరు? ఆవిణ్ణి తీసుకురండి, మాట్లాడాలి."

"ఆవిడకేం తెలుసండీ, మా అక్క. నాకు చెప్పారుగా, చాలు."

పిల్లని ఇంట్లో దింపి పనికి పోయాడు. అక్కడ వంగి మాలు కలుపుతుంటే జేబులోని కాయితం జారి తడి సిమెంటులో పడింది. తీసేసరికి అక్షరం మిగల్లేదు. మళ్ళీ వెళ్ళి అడగడానికి అతనికి నామోషీ. గుర్తుందిగా! సిమెంటు సంచి ముక్క చింపి, గోడ మీద గీతలు గీసే పెన్సిలుతో మొదటి వారం సంగతి రాశాడు. మాస్టారు వంతులని చెప్పాడు. మాలు కలిపేవాళ్ళకి వంతులేమిటి? ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ళు ఇసుక. ఇరవై ఏళ్ళుగా అతని నోట ఉన్న లెక్క అది. చెయ్యి అలవాటు ప్రకారం రాసుకుపోయింది.

'పిండి ఒక పాలు నీళ్ళు మూడు. బాగా ఉడికించాలి.'

చుక్క లేదు, కామా లేదు. పాలు వద్దన్న సంగతి రాయలేదు. అక్క ఎలాగూ మానేసిందిగా అనుకున్నాడు. రాత్రి ఆ ముక్కని పొయ్యి పక్కన మేకుతో కొట్టి, సుత్తి అక్క మొహం ముందు ఆడించాడు.

"ఇందులో ఉన్నదే చెయ్యాలి. ఒక్క అక్షరం తప్పినా ఈసారి రాలేది ఒక పన్ను కాదు."

మర్నాడు పదకొండింటికి, కలిపే యంత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతుండగా అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ... కాయితంలో పాలు అని రాశావు. పాలేనా?"

"ఆ, పాలే!"

"ఒక పాలేనా? మరి పిల్లకి..."

"ఒక పాలే! ఎన్నిసార్లు చెప్పాలే నీకు? రాసింది రాసినట్టు చెయ్యి, లేకపోతే వచ్చి నరుకుతా!"

అక్క ఫోన్ పెట్టేసింది. యంత్రం దగ్గరున్నవాళ్ళు నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు.

ఒంటిగంటకి ఎదురింటావిడ ఫోన్, పిల్లని పెద్దాసుపత్రికి తెచ్చామని. అతను తాపీ చేత్తో పట్టుకునే ఆసుపత్రికి పరిగెత్తాడు. పైఅంతస్తులో బుజ్జిదాని మొహం గుర్తు పట్టలేకుండా వాచి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. ఇద్దరు నర్సులు దాని మీద వంగి ఉన్నారు. పిల్ల పోతోందని అతనికి అర్థమైంది. గోడ మూలకి ఒదిగి అక్క, చేతిలో ఏదో నలిపి పట్టుకుని.

"ఏం పెట్టావే?"

"కాయితంలో ఉన్నదే పెట్టాను తమ్ముడూ."

అంతే. మెట్లు ఎలా దిగాడో అతనికి తెలియదు. తలుపు తన్నేసరికి చెంచా మాస్టారు ఎవరి పిల్లాణ్ణో త్రాసు మీంచి దించి తల్లికి అందిస్తున్నాడు. ఆ తల్లి కేక పెట్టి బయటికి పరిగెత్తింది.

"తప్పైతే వచ్చి అడగమన్నావుగా! వచ్చా!"

మొదటి దెబ్బకి కళ్ళజోడు ముక్కలై చెంపలో దిగింది. రెండో దెబ్బ తాపీ పిడితో దవడ మీద పడింది. కర్ర విరిగినట్టు చప్పుడైంది. మాస్టారు బల్ల మీదికి కూలాడు, చెంచాలన్నీ గలగలా నేల మీద పడ్డాయి. మేస్త్రీ ఆయన్ని చొక్కా పట్టి లాగి సీసాలకేసి కొట్టాడు. గింజలు, గాజు పెంకులు, రక్తం కలిసిపోయాయి. కింద పడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు, మళ్ళీ తన్నాడు. మాస్టారు చేతులు అడ్డం పెడితే చేతుల మీద తన్నాడు. నిజం చెప్పాలంటే అతనికి హాయిగా ఉంది. పిల్ల చనిపోతుంటే చేతులకి ఒక పని దొరికింది.

కాపలావాళ్ళు నలుగురు మీదపడి గోడకి అదిమారు. అప్పుడే పైనుంచి నర్సు పరిగెత్తుకొచ్చింది.

"మాస్టారూ, నిన్న మీరు తూచిన ఆ బక్క పిల్ల! ఇంజెక్షన్ ఇచ్చినా ఊపిరి మళ్ళీ బిగుస్తోంది. దానికి ఏం పడదు? ఆ మేనత్త ఎంత అడిగినా నోరు విప్పట్లేదు."

మాస్టారు నోరు తెరవబోయాడు. కింది దవడ పక్కకి వేలాడింది, మాటకి బదులు రక్తం వచ్చింది. ఆయన మోకాళ్ళ మీద గాజు పెంకుల్లో పాక్కుంటూ వెళ్ళి, బల్ల సొరుగులోంచి ఒక దస్త్రం తీసి, నిన్న రాసిచ్చినదాని నకలు మీద వేలు పెట్టాడు. నర్సు గట్టిగా చదివింది.

"పిండి ఒక వంతు, నీళ్ళు మూడు వంతులు. పాలు ఒక్క చుక్క కూడా తగలకూడదు, ప్రమాదం. అయ్యో, పాలా!"

ఆమె పైకి పరిగెత్తింది. మేస్త్రీ పెనుగులాట ఆగింది. వంతు. పాలు. ఆ రెండు మాటలూ మొదటిసారి అతని బుర్రలో పక్కపక్కన నిలబడ్డాయి.

పోలీసులు వచ్చేలోగా ఒక్కసారి పిల్లని చూడనివ్వమని బతిమాలాడు. కాపలావాళ్ళు రెండు రెక్కలూ పట్టుకుని పైకి తీసుకెళ్ళారు. మరో ఇంజెక్షన్ పడింది, మూతికి గొట్టం పెట్టారు. పక్కటెముకలు ఇందాకటంత లోపలికి పోవడం లేదు. బతుకుతుంది, కానీ రేపటిదాకా కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు డాక్టరు.

అక్క ఇంకా ఆ మూలే ఉంది. అతన్ని చూడగానే నలిగిన సిమెంటు సంచి ముక్క ముందుకి చాచింది.

"రాసిందే చేశాను తమ్ముడూ. పిండి, ఒక పాలు, మూడు నీళ్ళు. నాకు భయమేసి ఫోన్ కూడా చేశాను. ఒక్క అక్షరం తప్పలేదు."

మేస్త్రీకి తల పగలగొట్టుకోవాలనిపించింది. చెయ్యి పైకి లేపాడు, తన తలకేసి కొట్టుకోడానికే. అక్క చటుక్కున రెండు చేతులతో మొహం కప్పుకుని గోడకి అతుక్కుపోయింది. అది చూసి అతని చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు.

డాక్టరు అక్క వైపు తిరిగాడు. "అమ్మా, ఇంతకుముందు పాలు పట్టినప్పుడు ఏమయ్యేది? ఎంతసేపటికి? ఇంకేమైనా పడలేదా? మీరు చెబితేనే మాకు తెలిసేది."

అక్క చేతులు కాస్త దించి, వాటి సందులోంచి తమ్ముడి వైపు చూసింది. చెప్పనా అన్నట్టు.

మేస్త్రీ తలుపు వైపు తిరిగాడు. "నన్ను బయటికి తీసుకుపోండి," అన్నాడు కాపలావాళ్ళతో.

తలుపు మూసుకున్నాక లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది. మొదట మెల్లిగా, తర్వాత ఆగకుండా, తేదీలతో సహా చెబుతూనే ఉంది.