నీళ్లలో మిగిలిన తీగ

మా ఆదివారం బృందంలో ఒక నియమం ఉంది. ఎవరి ఫోటో గురించి మాట్లాడుకుంటున్నామో వాళ్లు కెమెరా లెన్సు మూత ఒకటి చేతిలో పట్టుకుని కూర్చోవాలి. అందరూ చెప్పడం అయ్యాక మూత బల్ల మీద పెట్టాలి. అప్పటిదాకా నోరు విప్పకూడదు. "కావాలనే అలా తీశానండీ" లాంటి సమర్థింపులు వినీ వినీ విసిగిపోయి ధరణి పెట్టిన నియమం ఇది. ధరణి యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తోంది. తార్నాకలో ఒక టైలర్ దుకాణం పైన ఆమె అద్దె గది. పొద్దున క్యాంపస్‌లో ఫోటోలు తీసుకోవడం, మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో చేరి ఒకరి ఫోటోలు ఒకరు చూసి మంచీ చెడూ చెప్పుకోవడం మా కాలక్షేపం. నా పేరు సుప్రియ. స్కూల్లో లెక్కలు చెబుతాను.

నాకు విమర్శ పడదు, ముందే చెప్పేస్తున్నాను. పిల్లల నోటు పుస్తకాల నిండా ఎర్ర సిరా పోస్తాను కానీ, నా పనికి ఎవరైనా వంక పెడితే ఒళ్లు మండుతుంది. పోయిన ఆదివారం ధరణి నా ఫోటో చూసి, "మీ ఫోటోలల్ల ఎప్పుడూ స్తంభాల తీగలు అడ్డమొస్తున్నయ్ అక్కా. తీసే ముందు రెండడుగులు పక్కకు జరిగి చూడండి, అదే తప్పుకుంటది" అంది. మెత్తగానే చెప్పింది. నేనే ఆ మాటను వారమంతా నములుతూ కూర్చున్నాను.

ఈ ఆదివారానికి ముందు రాత్రి పెద్ద వాన కురిసింది. క్యాంపస్‌లో చెట్ల మధ్య నుంచి విద్యానగర్ వైపు వెళ్లే ఒక మట్టిదారి ఉంది. పొద్దున ఏడింటికి అక్కడికి వెళితే, దారికి అడ్డంగా ఒక మడుగు నిలిచి, అందులో ఆకాశమంతా దిగి ఉంది. నా మనసు అటు లాగేసింది. కానీ ఫోన్ ఎత్తి చూస్తే మళ్లీ అదే దరిద్రం. కుడివైపు స్తంభం నుంచి ఒక తీగ సడలి, సరిగ్గా మడుగు మీద వేలాడుతోంది. పక్కకు జరుగుదామంటే బురద, కాళ్లకు కొత్త బూట్లు. అలాగే తీసేశాను. తర్వాత టీ కొట్టు దగ్గర కూర్చుని, ఫోన్‌లో ఆ తీగ మీద వేలితో రుద్దితే మాయమైపోయింది. ఎంత శుభ్రంగా పోయిందంటే, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టే ఉంది.

ఆ ఫోటోను మొదట మా అమ్మకే పంపాను. అమ్మ పేరు రత్నమ్మ. కృష్ణా జిల్లా నుంచి నాన్న ఉద్యోగంతో వచ్చి నలభై ఏళ్లుగా తార్నాకలోనే ఉంటోంది. పదకొండింటికి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, పెద్దరోడ్డంతా తవ్వి పడేశారంట, నీళ్లు నిండాయంట. సాయంత్రం చర్చిలో స్త్రీల కూడికకి విద్యానగర్ ఎలా వెళ్లనే?"

"నేను పంపిన ఫోటోలో మట్టిదారి ఉందిగా, అటే వెళ్లమ్మా. చీలమండ దాకా నీళ్లు, అంతే. చెప్పులు చేత్తో పట్టుకుని దాటెయ్. పొద్దునే చూశాగా, ఏం భయం లేదు."

"సరేలే. నాలుగింటికల్లా బయల్దేరతా" అంది.

మూడున్నర దాటాక నా వంతు వచ్చింది. ఫోటో ప్రింటు బల్ల మీద పెట్టి, మూత చేతిలోకి తీసుకున్నాను. వచ్చే నెల మా బృందం ప్రదర్శన ఉంది. దానికి ఈ ఫోటో ఎంపిక కావాలని నాకు మహా ఆశ. చెరిపిన ఫోటోలు ప్రదర్శనలో పెట్టకూడదని నియమం. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అరచేతిలో మూత చెమటకు జారుతోంది.

ముందుగా ఎవరికి ఏం కనపడుతోందో చెప్పాలి. ధరణి మొదలుపెట్టింది. "ఆకాశం నీళ్లల్లకు దిగింది. చెట్ల గీతలు మంచిగున్నయ్. నీళ్లల్ల చిన్న తెల్ల చుక్క ఉంది, పువ్వు రేకేమో. అక్కా, ఈసారి తీగ తప్పించిన్రు. చూసిన్రా, జరిగితే ఎంత తేడానో!"

నాకు సిగ్గేసింది. సంతోషం కూడా కలిగింది, అబద్ధమెందుకు.

తర్వాత పరశురాం గారి వంతు. ఆయన కరెంటు లైన్‌మన్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి, లాలాపేట్‌లో ఉంటారు. ఫోటోల గురించి పెద్ద మాటలు మాట్లాడరు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ప్రింటును ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూస్తారు. ఆ రోజు మామూలుకన్నా ఎక్కువసేపు చూశారు.

"నీళ్లల్ల తీగ నీడ ఉన్నది. పైన తీగ లేదు. గిట్లెట్లయితది?" అన్నారు.

పైన చెరిపాను కానీ, నీళ్లలో ఉన్నదాన్ని చూడనే లేదు.

"గా తెల్ల చుక్క పువ్వు కాదమ్మా. పింగాణీ. స్తంభం మీద తీగను పట్టి ఉంచేది. అది ఊడి తీగతోని కిందికొచ్చింది. గిది కేబుల్ తీగ కాదు, కరెంటుది." ప్రింటు దించి నావైపు చూశారు. "సుప్రియమ్మా, గాడ తీగ వేలాడుతున్నదా?"

నేను మాట్లాడలేదు. నా చేతిలో మూత ఉంది కదా, మాట్లాడకూడదు కదా! ఆ నియమం చాటున దాక్కున్నాను. చెబితే ఫోటో పోతుంది, పరువు పోతుంది. ధరణి ముందు, అందరి ముందు, పిల్లలు కాపీ కొడితే చెవి మెలిపెట్టే టీచరమ్మ దొరికిపోతుంది. ఆ క్షణంలో నేను భయపడింది దానికి మాత్రమే. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"సార్, అక్క మూత పట్టుకుంది. మీరు పూర్తి చేయండి" అంది ధరణి.

"ఏం మూతమ్మా! గా తీగల కరెంటు ఉంటే, నీళ్లల్ల నడిచేటోడు చెయ్యి తగిలిస్తే, అక్కడికక్కడే..." అని ఆగిపోయారు.

నీళ్లలో నడిచేవాళ్లు. చెప్పులు చేత్తో పట్టుకుని.

గోడ గడియారం వైపు చూశాను. నాలుగూ అయిదు.

"మా అమ్మ" అన్నాను. "తీగ ఉంది సార్. నేనే చెరిపాను. మా అమ్మను ఆ దారినే వెళ్లమన్నాను."

పరశురాం గారు అప్పటికే ఫోన్ తీసి తను పనిచేసిన కరెంటు ఆఫీసుకి చేసి, స్తంభం ఆనవాళ్లు చెబుతూ మెట్లు దిగుతున్నారు. "లైన్ ఆపుండ్రి. ముందు ఆపుండ్రి, ఎనుక అడుగుండ్రి!" నేను అమ్మకి చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. కూడికకి బయల్దేరితే అమ్మ ఫోన్ గొంతు నొక్కి, సంచిలో బైబిల్ కింద పెట్టేస్తుంది. మళ్లీ చేశాను. మళ్లీ.

ఆయన స్కూటర్ వెనక కూర్చున్నాను. తార్నాక సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడితే ఏడుపొచ్చింది. ఇంటి నుంచి ఆ మడుగు దాకా అమ్మ నడకకి పదిహేను నిమిషాలు. మోకాళ్ల నొప్పి ఉంది కనుక ఇరవై. దేవా, ఇవాళ ఆ మోకాళ్లు ఇంకాస్త నొప్పెట్టనీ అని ప్రార్థించాను. కన్నతల్లికి నొప్పి కోరుకున్న కూతుర్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మట్టిదారి మొదట్లో స్కూటర్ బురదలో దిగబడింది. దూకి పరుగెత్తాను. చెట్ల మలుపు తిరిగేసరికి అమ్మ కనపడింది. మడుగు అంచున నిలబడి ఉంది. పాదాలు నీళ్లలో ఉన్నాయి. ఎడమ చేతిలో చెప్పులు, కుడి చేతిలో ఇనుప కాడ గొడుగు. ఆ గొడుగును ముందుకు చాపుతోంది, దారికి అడ్డంగా వేలాడుతున్న తీగను పక్కకి తోయడానికి.

"అమ్మా!" అని అరిచాను. నా జన్మలో అంత గట్టిగా అరవలేదు.

ఉలిక్కిపడి ఆగింది. గొడుగు కొసకీ తీగకీ మధ్య జానెడు కూడా లేదు.

నా వెనకే వచ్చిన పరశురాం గారు నా భుజం పట్టి ఆపేశారు. "అమ్మా, గొడుగు ఎనుకకు తియ్యి. తీగకు తగలనియ్యకు. ఎట్ల పోయినవో గట్లనే ఎనుకకు రా. తొందర పడకు" అన్నారు, చంటిపిల్లకు చెప్పినంత నెమ్మదిగా. అమ్మ ఒక్కో అడుగూ వెనక్కి వేసి గట్టు మీదికి వచ్చింది. అప్పుడు ఆయన ఫోన్ మోగింది. విని పెట్టేశారు.

"ఇప్పుడే లైన్ ఆపిన్రంట" అన్నారు.

ఇప్పుడే. అంటే ఇంతసేపూ ఉంది. ఆ బురదలోనే కూలబడ్డాను.

అమ్మకి సంగతి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "కరెంటు తీగా?" అంది. "నేనేదో బట్టలారేసుకునే తీగ అనుకున్నానే. నీ ఫోటోలో లేదు కదా! పొద్దున లేదంటే, ఎవరో ఇందాకే కట్టుంటారనుకున్నా."

"ఉందమ్మా" అన్నాను. "పొద్దున కూడా ఉంది. ఫోటో అందంగా ఉండాలని నేనే తీసేశాను."

అమ్మ సంచిలోంచి ఫోన్ తీసింది. బైబిల్ పక్కకి జరిపి, కళ్లజోడు పెట్టుకుని, నేను పంపిన ఫోటో తెరిచింది. దాన్ని చూసింది, తీగను చూసింది, మళ్లీ ఫోటో చూసింది. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండుననుకున్నాను. నా గుప్పిట్లో లెన్సు మూత ఇంకా అలాగే ఉంది. దాని అంచు అరచేతిలో గుండ్రంగా దిగింది.

అమ్మ ఫోన్ సంచిలో పెట్టుకుని, చెప్పులు కింద వేసి కాళ్లకు తొడుక్కుంది.

"నేను తీసుకెళ్తానమ్మా. అటు నుంచి ఇంకో దారి ఉంది" అన్నాను.

అమ్మ నావైపు చూడలేదు. పరశురాం గారి వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, విద్యానగర్‌కి ఏ దారి మంచిదండీ?" అని అడిగింది.