తలుపు మీద తీరం

నేను ఒక టేకు పలకను. ఈ క్షణాన ఎవరో నన్ను సొరచేప తోలుతో అరగదీస్తున్నారు.

పట్టపగలు. తుఫాను షెల్టరు బయట ఊరంతా భోజనాల దగ్గర ఉంది. లోపల నేనూ, ఆ చెయ్యీ. నాకు కళ్ళు లేవు. తాకితే తెలుస్తుంది, మాట్లాడితే వినిపిస్తుంది, అంతే. ఎండిన తోలు గరగరమంటోంది. నా పొట్టు నేల రాలుతోంది. తాళ్ళు లాగి లాగి మొద్దుబారిన అరచెయ్యి అది. నా ఒంటి మీద నాలుగడుగుల తీరం ఉంటే, బొటనవేలంత బొడిపెను ఒక్కదాన్నే పట్టుకుని రుద్దుతోంది.

ఎవరూ పట్టించుకోని బొడిపె. దానికోసం ఒక మనిషి అన్నం దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

నేను పుట్టుకతో తీరాన్ని కాను. భీమిలి దగ్గర ఒక పాత బంగళాకు తలుపు రెక్కని. మనుషులు నా వెనక చేరి ఎన్నో దాచుకునేవారు. బంగళా కూల్చాక సుధేష్ణ అనే శిల్పి నన్ను కొంది. ఆమె దగ్గర ఉలి లేదు. డ్రోను, కంప్యూటరు, చెక్కను తొలిచే యంత్రం ఉన్నాయి. పాత తీరాలను అచ్చంగా చెక్క మీదకు దింపడం ఆమె కళ.

ఈ ఊరి పాతరేవు దిబ్బ కింద డచ్చివాళ్ళ గిడ్డంగులు ఉన్నాయంటారు. మొన్నటి తుఫాను దిబ్బ మీది సరుగుడు తోటను పెకలించి, ఇసుకను కోసుకుపోయింది. గాలి తగ్గిన పూటే సుధేష్ణ డ్రోను ఎగరేసింది. దారి మునిగి ఉండడంతో మనిషన్నవాడు దిబ్బ ఎక్కలేకపోయాడు. నీళ్ళు తగ్గేలోగా ఇసుక మళ్ళీ అంతా కప్పేసింది. డ్రోను తీసిన ఫొటోలను కంప్యూటరు ఒక్కటిగా కుట్టింది. యంత్రం గిర్రున తిరిగే మొనతో ఆ ఆకారాన్ని నాలోకి దించింది. నొప్పి సంగతి వదిలేయండి. తీరం దాచేసుకున్నది నా ఒంటి మీద మిగిలిపోయింది.

ఇవాళ పొద్దున నన్ను ఊరి షెల్టరులో ప్రదర్శనకు నిలబెట్టి, 'తాకి చూడండి' అని నా పక్కన బోర్డు పెట్టారు. మనుషులు వింతవాళ్ళు. మొత్తం సముద్రతీరం చేతికిస్తే, ముందు ఎవరిల్లు వాళ్ళు వెతుక్కున్నారు.

"ఇదిగో, మా ఇల్లు!"

"నీ ఇల్లు కాదురా, అది మా మరుగుదొడ్డి."

కొర్లమ్మ కూడా తన ఇల్లే వెతుక్కుంది. తర్వాత ఆమె వేళ్ళు నీటి అంచు వెంబడి పోయి ఆగాయి. ఆమె మొగుడు ఎల్లాజీ కొన్నేళ్ళ కిందట నావతో సహా మాయమయ్యాడు. "ఒరిస్సా ఆడమనిషితో ఎల్లిపోనాడు. నావెక్కడం నా కళ్ళతో సూసినాను" అని ఊరికి చెప్పింది ఎల్లాజీ పెదనాన్న కొడుకు, ఆమెకు బావ. అప్పట్నుంచీ ఆమె పారిపోయినవాడి పెళ్ళాం. మట్టెలు తియ్యలేదు, పసుపు మానలేదు. వదిలేసి పోయాడా, లేక ఇంకేదైనా జరిగిందా అన్న ఒక్క ముక్క కోసం బతుకుతోంది.

షెల్టరు ఇప్పించి, భోజనాలు పెట్టించింది ఆ బావే. ఆయన పేరు బోర్డు మీద రాయాలని సుధేష్ణ కొర్లమ్మను అడిగింది.

"బావ పేరు మేం పలక్కూడదమ్మా. ఆయన్నే అడుగు."

ఆ ఉదయం నన్ను తాకిన చేతుల్లో ఒక్కటి మాత్రం ఇల్లు వెతుక్కోలేదు. తిన్నగా దిబ్బ మీదకు వచ్చి, బొడిపె దగ్గర ఆగి, మంచులా చల్లబడింది. ఇప్పుడు తోలు పట్టుకున్నది ఆ చెయ్యే.

భోజనాలయ్యాక గోల మొదలైంది.

"అయ్యో! ఎవరు చేశారిది?" అంది సుధేష్ణ.

"పిల్లగుంటలు గీకీసుంటారమ్మా" అన్నాడు బావ.

కొర్లమ్మ వంగి నన్ను వాసన చూసింది. "గుంటలు కాదు. సొర తోలు కంపు."

"తెడ్లు నున్న సేసే తోలు ఏ ఇంట్లో లేదే? ఊరందర్నీ జైల్లో ఎట్టించు!" బావ నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"పోనీలెండి. డచ్చివాళ్ళ గోడ అది. కంప్యూటర్లో అలాగే ఉంది" అంది సుధేష్ణ. "ఇంకోటి చెక్కిస్తాను. ఈసారి ఎత్తులు మూడింతలు పెంచి."

ఎవరి చేతిలోనో టీ గ్లాసు జారి పగిలింది.

"వొద్దమ్మా, ఉన్నదే బాగుంది" అన్నాడు బావ.

చెక్కను అరగదీస్తే సంగతి అరిగిపోతుందనుకున్నాడు పాపం.

వారం తిరక్కుండా నా తోబుట్టువు వచ్చింది. అదే బంగళా, అదే తలుపు, రెండో రెక్క. మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు. చాలా కాలానికి మేం మళ్ళీ ఒక తలుపులా మూసుకున్నాం. ఊరు మళ్ళీ చేరింది. ఎవరూ ఇల్లు వెతుక్కోలేదు.

కొర్లమ్మ ఎడమచెయ్యి నా మీది నున్నటి మచ్చ మీద, కుడిచెయ్యి నా తోబుట్టువు మీద. నా పాత బందుల రంధ్రాల్లో సముద్రపు గాలి సన్నగా ఈల వేసింది.

"అమ్మా, గోడకి రెండేపులా మొన ఉంటాదా?"

సుధేష్ణ అడుగులు దగ్గరికొచ్చాయి.

"నడుం కాడ గుంట ఉంటాదా? ఇది నావమ్మా."

"ఎవులి నావే?" అంది వెనక నుంచి ఒక ముసలామె.

"ఊళ్ళో కనపడని నావ ఒక్కటే కదత్తా."

ఆమె వేళ్ళు ఆ నావ మీదే ఉన్నాయి. జ్వరం వచ్చినవాడి నుదురు తడిమినట్టు తడుముతున్నాయి. ఎవరో షెల్టరు గుమ్మం వైపు మెల్లగా వెనక్కి నడుస్తున్న చప్పుడు నాకు వినిపించింది.

"ఆ దిబ్బ మీంచి మా నావ తియ్యమని రోజూ తగువాడింది ఎవులు? నా మొగుడు పోయిన నెల్లోనే అక్కడ సరుగుడు ఎట్టింది ఎవులు? నావెక్కడం సూసినానని సెప్పింది ఎవులు?"

"మీ బావే కదే" అంది ముసలామె, గొంతు తగ్గించి.

"ఇక బావ కాదు."

వెనక్కి నడుస్తున్న అడుగులు ఆగిపోయాయి. ఆ ఊరి కోడళ్ళెవరూ పలకని పేరు కోసం కొర్లమ్మ ఊపిరి తీసుకోవడం నా చెక్కకు తగిలింది.

"నా మొగుడు నన్నొదిలి పోలేదు. నావ కిందే ఉన్నాడు. ఆణ్ణి పూడ్సిపెట్టినోడు గరికిన దానయ్య."