నరసింహం భుజం

గిలకలదిండిలో ఏ పడవ నీళ్లలోకి దిగినా మొదటి భుజం నరసింహానిదే. ఆయన భుజం తాకని పడవకి చేప చిక్కదని ఊళ్లో నమ్మకం. దాన్ని అందరికంటే గట్టిగా నమ్మినవాడు ఆయనే. పడవ చుట్టూ కుర్రాళ్లని నిలబెట్టి చెప్పే మాట ఒక్కటే: ప్రాణం పోయినా భుజం తియ్యకూడదు. ఒకడు తీస్తే ఆ బరువు పక్కవాడి మెడ మీద పడుతుంది. కొడుకు రాముకి మీసాలు రాకముందే ఈ పాఠం ఒంటబట్టింది.

తొంభై ఎనిమిదిలో రాము ఇంజను బోటు కట్టించాడు. భుజాలకి లొంగే బరువు కాదది. గుడివాడ నుంచి క్రేను వచ్చింది. దాంతోపాటు, కింద నిలబడి డ్రైవరుకి సైగలు చేసే సీమోను వచ్చాడు. వస్తూనే బోటు చుట్టూ తాడు కట్టి, లోపలికెవరూ రాకూడదన్నాడు.

నరసింహానికి ఒళ్లు మండింది. "నా కొడుకు బోటుకి నేను భుజం పట్టకూడదా అబ్బాయ్?"

"ఇప్పుడు పట్టండి బాబాయిగారూ, నేల మీదే ఉందిగా. గాల్లోకి లేచాక మాత్రం దాని కిందకి ఎవరూ వెళ్లకూడదండి. మీకైనా నాకైనా అంతే."

పెద్దాయన పసుపు రాసిన అంచుకి ఓసారి భుజం ఆనించి, మూతి ముడుచుకుని తాడు బయటికొచ్చాడు. తన భుజం చివరికి ఫొటోకి మాత్రమే పనికొచ్చేదిగా మిగిలిందని లోపల్లోపల కుమిలిపోయాడు.

బోటు లేచింది. సముద్రం గాలికి ముక్కు పక్కకి తిరిగి, ఒరగడం మొదలెట్టింది. అంతే, రాము తాడు కింద నుంచి దూరి పరిగెత్తాడు. ఎవరూ పిలవలేదు, వాడూ ఆలోచించలేదు. ఒరిగే పడవ కనబడితే భుజం పెట్టడమే వాడికి తెలుసు. సీమోను చెయ్యెత్తి క్రేను ఆపించి, బయటికి రమ్మని అరుస్తున్నాడు. రాము కదల్లేదు. పక్కన ఎవరూ లేకపోయినా, తను తీస్తే ఎవరి మీదో పడుతుందన్నట్టు బిగబట్టి నిలబడ్డాడు. పైన బోటుని పట్టుకున్న క్రేను బెల్టు జారుతోంది.

వాణ్ణి అక్కడ నిలబెట్టింది తన మాటేనని నరసింహానికి అప్పుడు తెలిసింది. గొంతు చించుకుని అరిచాడు.

"భుజం తియ్యరా రామూ!"

ఆ నోట ఎన్నడూ వినని మాట. రాము బిత్తరపోయి వెనక్కి గెంతాడు. బోటు ముక్కు వాడు నిలబడ్డ చోటే ఇసకలో దిగబడింది.

బెల్టులు సరిచేసి, మళ్లీ ఎత్తేసరికి మధ్యాహ్నమైంది. ఈసారి రాము తండ్రి పక్కనే, తాడు బయట నిలబడ్డాడు.

"నువ్వేగా నాన్నా, తియ్యొద్దనేది," అన్నాడు మెల్లగా.

నరసింహం కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. బోటు నీళ్లలో కుదురుకునేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.