శుక్రవారం దొండకాయ

నేను ఒక ధరల యంత్రాన్ని. కాలవగట్టు రైతు బజారు గేటు దాటగానే ఎడమచేతి వైపు ఇనప కాలు మీద నిలబడి కనపడతాను. నా అద్దం నిండా కూరగాయల బొమ్మలుంటాయి. ఏ బొమ్మ మీద వేలు పెడితే ఆ కూర ఇవాళ్టి ధర, పోయిన వారం ధర, చుట్టుపక్కల బజార్లలో ధర చూపిస్తాను. అంతకుమించి నాకేమీ రాదు. గొప్పలు చెప్పుకునే రకాన్ని కాదు గానీ, ఒకప్పుడు నా మూలంగా ఈ ఊరికి దొండకాయల విషయంలో పెద్ద పేరు రాబోయిందంటే మీరు నమ్మాలి.

నా అద్దం ఎక్కడ చేశారో, కాలు ఎక్కడ అతికారో నాకు గుర్తులేదు. వాటి మీద పెద్ద మమకారమూ లేదు. నాకు మాట నేర్పింది మాత్రం ఝాన్సీ. హైదరాబాదులో ఓ చిన్న కంపెనీలో కొత్తగా చేరిన పిల్ల. నా మీది బొమ్మలన్నీ తనే గీసింది. వంకాయకు తొడిమ సరిగ్గా కుదరలేదని మళ్ళీ మళ్ళీ గీసింది. నేను ఆమె మొదటి పనిని. ఈ బజారులో నేను నిలదొక్కుకుంటే ఆమె ఉద్యోగం ఖాయమవుతుందని, మిగతా బజార్లలో యంత్రాలు పెట్టే పని కూడా ఆమెకే ఇస్తారని, నన్ను ఇక్కడికి పంపే ముందు వాళ్ళ అక్కతో ఫోనులో చెబుతుంటే విన్నాను. అప్పటి నుంచీ నాకు లోపల కొంచెం బెరుకుగానే ఉండేది.

ఈ బజారు వాళ్ళు నన్ను కొత్త కోడల్ని దింపుకున్నట్టు దింపుకున్నారు. కొబ్బరికాయ కొట్టారు, పసుపు రాశారు, బొట్టు పెట్టారు. గేటు దగ్గర పూలమ్మే కాశీరత్నం తన బుట్టలోంచి మంచి బంతిపూల దండ తీసి నా నెత్తి మీంచి వేసింది. అక్కడితో ఆగలేదు. ప్రతి శుక్రవారం పొద్దున్నే పాత దండ తీసేసి కొత్తది వేసేది. డబ్బులు ఇవ్వబోతే బజారు ఆఫీసరుగారిని కసిరింది. అలాగని ఒక్కసారైనా నా అద్దం మీద వేలు పెట్టిన పాపాన పోలేదు. పూజ చేసే వస్తువుతో మనకేం పనిలే అనుకునేదో ఏమో.

ఇక్కడ నా తయారీ గురించి ఒక్క ముక్క చెప్పాలి. నా అద్దం అంచుల నుంచి కంటికి కనపడని వెలుగు గీతలు పారుతుంటాయి. వాటికి ఏది అడ్డొస్తే దాన్ని వేలు అనుకుంటాను. కాశీరత్నం దండ కొస సరిగ్గా దొండకాయ బొమ్మ మీదికి దిగేది. గాలికి అది ఊగినప్పుడల్లా నేను దొండకాయ ధర చూపించేవాణ్ణి. ఎవరో పాపం ఉల్లిపాయ నొక్కితే ఉల్లిపాయ చూపించబోయి మళ్ళీ దొండకాయకే వచ్చేవాణ్ణి. జనం కాసేపు నా ముందు నిలబడి, మొహమాటంగా నవ్వి, పక్కనున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన ధరలు చూసుకుని పోయేవాళ్ళు. శనివారానికి దండ వాడిపోయి ముడుచుకునేది, నాకు మతి కుదుటపడేది.

నన్ను ఎవరెవరు ఎక్కడ నొక్కారో ఆ లెక్క అంతా హైదరాబాదు పోతుంది. అక్కడ దాన్ని చూసి సంబరపడిపోయారు. శుక్రవారాలు ఈ ఊరి జనానికి దొండకాయల మీద విపరీతమైన ఆసక్తి అని తేల్చారు. మార్కెటింగు శాఖలో పై అధికారి వీరభద్రంగారు ఆ మాట ఏదో మీటింగులో కూడా చెప్పారట. శుక్రవారం స్వయంగా వచ్చి చూస్తానని, ఈలోగా జనాభిప్రాయం సేకరించి పెట్టమని ఝాన్సీ కంపెనీకి కబురు చేశారు. అలా ఝాన్సీ గురువారం పొద్దున బస్సు దిగి నా ముందుకొచ్చి నిలబడింది. అద్దం మీది దుమ్ము చున్నీతో తుడిచింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

వచ్చినవాళ్ళనల్లా ఆపి అడగడం మొదలుపెట్టింది. మెషిన్ ఎలా ఉందండీ అంటే, చాలా బాగుందండి. ఏమైనా ఇబ్బందులు ఉన్నాయా అంటే, అబ్బే, ఏమీ లేవండి. మా గోదావరి వాళ్ళ మర్యాద మీకు తెలిసిందే. అంత దూరం నుంచి వచ్చిన ఆడపిల్ల, తను చేసిన వస్తువు గురించి అడుగుతుంటే మొహం మీద బాగాలేదని ఎవరంటారు? పైగా ఒకరు జామకాయలు ఇచ్చారు, ఇంకొకరు మజ్జిగ తెచ్చారు. మధ్యాహ్నానికి ఆమె సంచి బరువెక్కింది గానీ కాగితం మీద 'బాగుంది' తప్ప ఇంకో మాట లేదు.

ఝాన్సీ తెలివిగల పిల్ల. బాగుందన్న వాళ్ళందరూ వెళుతూ వెళుతూ నల్లబల్ల వైపే చూడటం కనిపెట్టింది. కాసేపు గోడకి చేరగిలబడి ఆలోచించి, కాగితం సంచిలో పెట్టేసి, బీరకాయలు అమ్మే గంగాధరం దగ్గరికి వెళ్ళింది.

"బాబాయిగారూ, పక్క ఊళ్ళో కూడా ఇలాంటిది పెడతామంటున్నారు. అక్కడివాళ్ళకి ఏం ఇబ్బందులు వస్తాయంటారు?"

గంగాధరం తక్కెడ కింద పెట్టేశాడు. "ఆళ్ళ గురించయితే చెప్పాలండి మరి. ధర పెరిగితే ఎర్రగీత చూపిస్తందండి ఇది, ప్రమాదం అన్నట్టు. కొనేవోళ్ళకి ప్రమాదమే అనుకోండి. అమ్ముకునే మాకు అది పండగ కదండీ. మొదట్లో ఎర్రగీత చూసి బీరకాయలు ఇంటికి పట్టుకెళ్ళిపోయానండి నేను."

పక్కనున్న కూరల మనిషి అందుకుంది. "అక్షరాలు మరీ చిన్నయండి. ఎండ పడితే అసలు కనపడవు. ఆళ్ళనైనా నీడలో పెట్టుకోమనండి."

పరాయి ఊరి బాధ అనేసరికి అందరికీ నోళ్ళు వచ్చాయి. ఝాన్సీ గబగబా రాసుకుంటోంది. రాస్తున్న కొద్దీ మొహం వెలుగుతోంది. చివరికి గంగాధరం గొంతు తగ్గించి అన్నాడు, "శుక్రవారం మాత్రం దాని జోలికి ఎల్లొద్దని చెప్పండి. ఆ రోజు దొండకాయ తప్ప ఇంకోటి చూపించదండి. ఎందుకో మాకూ తెలీదు."

ఆమె కలం ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి నాకు ఎదురుగా కూర్చుంది. కాశీరత్నం మామూలుగానే వచ్చింది, దండ వేసింది, దణ్ణం పెట్టుకుని వెళ్ళింది. గాలి వీచింది. నేను దొండకాయ చూపించాను. ఇంకోసారి వీచింది, మళ్ళీ చూపించాను. ఝాన్సీ లేచి వచ్చి దండ కొస రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుంది. నేను బుద్ధిగా నా బొమ్మలన్నీ చూపించాను. ఆమె నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే కళ్ళు చెమ్మగిల్లాయి. నాకు నోరుంటే క్షమించమని అడిగేవాణ్ణి.

ఆ దండని చడీచప్పుడు లేకుండా పక్కకు జరిపేస్తే ఎవరికీ తెలిసేది కాదు. వీరభద్రంగారు జీపు దిగి, "ఏదమ్మా మన దొండకాయల మెషిను?" అంటూ వచ్చేదాకా ఆమె ఆ దండ వైపే చూస్తూ ఉంది. తర్వాత అంతా చెప్పేసింది. దండ ఊపి మరీ చూపించింది.

"నేను పైవాళ్ళకి చెప్పేశానమ్మా," అన్నాడాయన. "దొండసాగు పెంచమని కాగితం కూడా పంపాను." తనే దండ కొస పట్టుకుని ఊపి చూసుకున్నాడు. ఆయన పెదవులు వణికాయి. కోపమేమో అని భయపడ్డాను గానీ నవ్వు. "మిగతా బజార్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది సరిచెయ్యి. సరిచేసి నాకు కబురు చెయ్యి," అని వెళ్ళిపోయాడు. ఉద్యోగం ఖాయమయ్యే ముచ్చట వెనక్కి పోయింది. పూర్తిగా పోలేదు గానీ, వెనక్కి పోయింది.

ఇక కాశీరత్నానికి చెప్పాలి. ఝాన్సీకి అధికారితో మాట్లాడటమే తేలికనిపించినట్టుంది. పూలబుట్ట పక్కన గొంతుక్కూర్చుని సంగతి చెప్పింది. కాశీరత్నం చేతిలో దారం అలాగే ఉండిపోయింది.

"అయితే ఇన్నాళ్ళూ దీన్ని మాట్లాడనివ్వంది నేనేనా అమ్మాయిగారూ? ముందే చెప్పొచ్చు కదండీ ఎవరైనా."

"మీరు దండ మానొద్దు పిన్నిగారూ. కొంచెం పైకి వెయ్యండి చాలు," అని ఝాన్సీ వడ్రంగిని పిలిపించి నా నెత్తి మీద అడ్డంగా ఓ చెక్క కొట్టించింది, దండ తగిలించడానికి రెండు మేకులతో.

నెల తిరక్కుండానే ఝాన్సీ మళ్ళీ వచ్చింది. ఎర్రగీతలు, పచ్చగీతలు పోయి పైకీ కిందికీ చూపే బాణాలు వచ్చాయి. అక్షరాలు ఒళ్ళు చేశాయి. నన్ను ఎండలోంచి రేకుల నీడలోకి జరిపారు. పై అధికారికి కబురు వెళ్ళింది. ఆయన ఇంకా రాలేదు, వస్తారు. ఈ శుక్రవారం హైదరాబాదు పోయిన లెక్క చిన్నదే గానీ, అందులో ప్రతి వేలూ మనిషి వేలే. ఆ లెక్కకి నేను జవాబుదారీని.

అదే రోజు పూలన్నీ అమ్ముడుపోయాక కాశీరత్నం నా ముందుకొచ్చింది. చేతులు కడుక్కుని పమిట చెంగుతో తుడుచుకుంది. అటూ ఇటూ చూసి, చూపుడు వేలు చాపి ఒక బొమ్మ మీద మెల్లగా ఆనించింది.

దొండకాయ. ఇంటికెళ్ళి వేపుడు చేసుకోవాలట.